భూమవ్వ కాల్లో విరిగింది, నా కాల్లో వినిపించింది

భూమవ్వ ఇక లేదన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు ఆమె పెనిమిటి గంగారాం. యాసంగి కోతలు అయిపోయి, రోడ్ల మీద వడ్లు ఆరబోసిన ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. మాది బాన్సువాడ దగ్గర కాలువను ఆనుకుని ఉన్న క్యాంపు. మా మామగారి కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి సాగుకు స్థిరపడ్డ కుటుంబం. గేటు చప్పుడైతే వంటింట్లోంచి వచ్చి చూశాను. గంగారాం గేటు బయటే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ తలకు చుట్టుకునే తువ్వాలు లేదు. చేతిలో తెల్లగుడ్డ మూట ఉంది.

"లోపలికి రండి బావగారూ, ఎండలో నిలబడ్డారేం?" అన్నాను. భూమవ్వ నన్ను చెల్లె అనేది, ఆమెను చూసి ఆయనా అలాగే పిలిచేవాడు. నాకు మాత్రం ఆయన బావగారే.

"రాను చెల్లె. మైల ఉన్నది. మీ అక్క పోయింది. ఇయ్యాల మూడొద్దులు. బొక్కలు ఏరి ఇటే అచ్చిన."

అంతకు ముందు వారమే ఫోనులో నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఏమైంది అని ఎలా అడిగానో గుర్తులేదు.

"కాలువ మెట్ల మీద పడ్డది. తల బండకు తాకింది. అక్కడికక్కడే. అందరు పాచి మీద జారిందంటున్నరు." కాలువ వైపు చెయ్యి చూపించాడు. "కాలువల నీళ్లేవి చెల్లె? బందు వెట్టి ఎన్నొద్దులాయె. మెట్లు పెంకు లెక్క ఎండినయ్. పాచెక్కడిది?"

మూట ముడి సగం విప్పి చూపించాడు. లోపల రెండు లోహపు ముక్కలు ఉన్నాయి. ఒకటి పెద్ద నిమ్మకాయంత బంతి, దానికి అంటుకుని చిన్న మొండి ముక్క. రెండోది కొమ్ములాంటి రాడ్డు. మంటలో కాలి నీలంగా, పసుపుగా రంగులు తిరిగాయి.

"గిది ఆమె తుంటిలది. గిన్నె అసొంటిది బొక్కల కుండల ఏసిన. గీ రాడ్డు ఒక్కటిగనే దొరకాలె. రెండు దొరికినయ్. కాష్ఠం మీద కట్టెలు కూలుతుంటే ఎదురుకట్టెతోని నేనే ఎగదోసిన. అప్పుడు నేనే ఇరగ్గొట్టిన్నని మావోళ్లు అంటున్నరు. కని చెల్లె, ఆమె పడ్డప్పుడు నేను ఆడనే గడ్డి కడుతున్న. ముందు టక్కుమన్నది. ఎండుపుల్ల ఇరిగినట్టు. ఆ తర్వాతనే పడ్డది. ఎవ్వరు నమ్ముతలేరు."

మూట ముడి మళ్లీ బిగించాడు.

"నీ కాల్ల గుడ గిదే ఉన్నది గద. నువ్వు దవాఖానకు పోతుంటవు, అడుగు. నేను ఇరగ్గొట్టిన్నా, ముందే ఇరిగిందా? గంతే."

కాలిన ఎముకలతో ఉన్నది ఏదీ ఇంట్లోకి తేకూడదు. గంగారాం మా గేటుకు ఎదురుగా కాలువ గట్టు మీదున్న కానుగ చెట్టు కొమ్మకు ఆ మూట కట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. మా అమ్మ పీట మీద బియ్యం పరిచి ఇంట్లోనే దిద్దించింది. పద్యాలతో పాటే అక్షరాలూ వచ్చాయి. ఆసుపత్రి మాటలు విన్నవి విన్నట్టు రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

భూమవ్వ నాకు రక్తసంబంధం కాదు. వాళ్లది నస్రుల్లాబాద్ వైపు ఊరు. నా కుడి తుంటిలో ఎముక తలకు రక్తం అందక ఎండిపోయిందని, ఏవీఎన్ అని చెప్పి, హిప్ రీప్లేస్‌మెంట్ చేసినప్పుడు పక్క మంచం ఆమెది. ఆమెకీ అదే ఆపరేషన్, అదే రకం రాడ్డు. దాన్ని స్టెమ్ అంటారు. తొడ ఎముకలోకి దిగ్గొట్టి, పైన బంతి పెడతారు. ఆ బంతి తిరగడానికి తుంటిలో ఒక గిన్నె బిగిస్తారు. నేను నొప్పికి రామనామం అనుకుంటూ పడుకుంటే ఆవిడ వార్డంతా నవ్వించేది. "మనిద్దరం పోతే కాష్ఠంల ఇనుము మిగుల్తది చెల్లె. మనోళ్లు పాతసామాన్లోనికి ఏసి ఉల్లిగడ్డలు తెచ్చుకుంటరు" అనేది. నర్సులు మమ్మల్ని ఇనుపకాళ్ల అక్కచెల్లెళ్లు అని పిలిచేవారు. ఆ పేరు మేమే ఊళ్లోకి తెచ్చుకున్నాం.

దేవుడి దయ వల్ల చాలా ఏళ్లు బాగా నడిచాం. తర్వాత ఇద్దరికీ కొంచెం అటూఇటూగా నొప్పి మొదలైంది. "బంతి, గిన్నె మధ్య ఉండే లైనర్ అరిగింది. అది మార్చి, కొత్త బంతి పెడతాం. స్టెమ్ ఎముకలో గట్టిగా పట్టుకుని ఉంది కాబట్టి దాన్ని కదపం" అని డాక్టర్ చెప్పారు. అది మంచి మాటే. కదపకుండా ఉంటే ఆపరేషన్ చిన్నదవుతుంది. అదే ఆసుపత్రిలో ముందు ఆమెకు, తర్వాత నాకు చేశారు.

నడుములో మత్తుసూది ఇచ్చారు కాబట్టి నాకు తెలివి ఉంది. తెర అవతల ఏం జరుగుతోందో కనబడదు. మధ్యమధ్యలో ఒక యంత్రం సన్నగా కూసేది. కూసినప్పుడల్లా వెంట్రుక దీపంలో పడ్డ వాసన. "ఏమిటమ్మా ఆ వాసన?" అని అడిగితే తల దగ్గరున్న అమ్మాయి, "కాటరీ అమ్మా, కరెంటుతో కాలుస్తారు. రక్తం కారకుండా ఆగిపోతుంది" అంది. ఒకటి రెండుసార్లు ఆ కూత వెంట వేరే చప్పుడు విన్నాను. కాగిన నూనెలో ఆవగింజ పేలినట్టు చిట్ మని. నాకు నొప్పి లేదు. కాబట్టి ఆ చప్పుడు నాదని అనుకోలేదు.

రెండో ఆపరేషన్ తర్వాత కూడా కొన్నేళ్లు ఇద్దరం హాయిగానే ఉన్నాం. చివరి నెలల్లో మాత్రం భూమవ్వ ఫోనులో ఒక మాట అంటుండేది. "లోపట ఎవరో చిటికేస్తున్నరు చెల్లె. ఓసారి ఇటు రా అని పిలిచినట్టు." దవాఖానలో చూపించుకుంది కూడా. ఎక్స్‌రే బాగుంది, ఫికర్ చేయొద్దన్నారట. "నన్నే పిలుస్తున్నదేమో, వాళ్లకు పలుకుతలేదు" అని నవ్వింది.

ఇక మూట సంగతి. ఎండాకాలం మధ్యాహ్నాలు మా దగ్గర కరెంటు పోతుంటుంది. ఫ్యాను ఆగిపోగానే ఇల్లు ఒక్కసారిగా మూగబోతుంది. అప్పుడు నాకు వినపడేది. టిక్. కొంచెం ఆగి మళ్లీ, టిక్.

"మూటలో ముక్కలు గాలికి తగులుకుంటున్నాయిలే" అన్నారు మావారు, నేను చెబితే.

"గాలెక్కడుందండీ? ఆకు కూడా కదలడం లేదు" అన్నాను.

మా అత్తగారికి పెద్ద వయసు వచ్చినా నోటికి రాలేదు. "చచ్చినావిడ కాలు తెచ్చి గుమ్మానికెదురుగా వేలాడగట్టించుకుంది నా కోడలు. ఇక పొలాల్లో దిష్టిబొమ్మలెందుకర్రా, మనింటికొచ్చి చూసి పొమ్మనండి" అని దారిన పోయేవాళ్లకు చెప్పేది. కానీ ఆవిడ కూడా ఆ వారమంతా వీధి వైపు మంచం వేసుకోలేదు.

మూట తీసుకుని నిజామాబాద్‌లో ఒక ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్లాం. చిన్నవాడు, మర్యాదస్తుడు. నా తుంటికి ఎక్స్‌రే తీయించి చూశాడు. "ఎక్స్‌రే నార్మల్ అమ్మా. స్టెమ్ చక్కగా ఉంది." మూట విప్పబోతే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అది టేబుల్ మీద పెట్టకండి, ప్లీజ్. ఆవిడ పడింది కాబట్టి విరిగి ఉంటుంది. లేదా కాలినప్పుడు విరిగి ఉంటుంది. మీరు అనవసరంగా మనసు పాడుచేసుకోకండి."

తిరిగొచ్చి మూట మళ్లీ కొమ్మకు కట్టించాను.

పదో రోజుకు ముందు గంగారాం వచ్చాడు. ఎముకల కుండతో పాటు ఆ ముక్కలనూ కందకుర్తి తీసుకుపోయి గోదావరిలో కలపాలని. నాకు అప్పటికే హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టర్ గురించి తెలిసింది. విరిగినవాటిని తీసి మళ్లీ పెట్టడమే ఆయన పని అని చెప్పారు. నేను గేటు దగ్గర నిలబడి, బంతి ఉన్న చిన్న ముక్కను మాత్రం నా దగ్గర ఉంచమని అడిగాను.

ఆయన కొమ్మ మీది మూట వైపు చూశాడు.

"ఎట్ల ఉంచాలె చెల్లె? ఆమె దానిమీదనే నడిచింది. సగం నీళ్లల్ల ఏసి సగం ఈడ పెడితే అక్కడ కుంటుకుంట తిరుగతది. మావోళ్లు అప్పుడే అంటున్నరు, ఒక్క ముక్క గుడ మిగలొద్దని."

అది విన్నాక నేను మళ్లీ అడగలేకపోయాను. ఆయన నమ్మిందే నేనూ నమ్ముతాను. పోయినవాళ్ల దారి సుఖంగా ఉండాలని నేనూ దీపం పెట్టేదాన్నే. సరే బావగారూ, తీసుకెళ్లండి అన్నాను.

కొమ్మకున్న ముడి విప్పి పది అడుగులు పోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. బంతి ముక్క తీసి గేటు దిమ్మె మీద పెట్టాడు.

"ఆమె అక్కడ కుంటుతే నేను పోయినంక చెయ్యి పట్టుకుంట. నువ్వు ఈడ పడితే పట్టుకునెటోళ్లెవరు? చూపించు. చూపించినంక నాకియ్యి."

ఆ ముక్కను కొబ్బరిచిప్పలో పెట్టి పశువుల కొట్టం దూలం మీద ఉంచాం. కానుగ కొమ్మ ఖాళీ అయింది. అత్తగారు వీధిలోకి మంచం జరిపించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నేను నీళ్ల బిందె దగ్గర నిలబడి ఉన్నాను. టిక్.

తల తిప్పి కిటికీలోంచి కానుగ చెట్టు చూశాను. కొమ్మకు ఏమీ లేదు. బరువు ఎడమకాలి మీదకు మార్చాను. చప్పుడు లేదు. మెల్లగా కుడికాలి మీదకు మార్చాను. టిక్.

ఇన్నాళ్లూ చెట్టు మీది నుంచి వస్తోందనుకున్నది నాలోంచి వస్తోంది.

ఎవరికీ చెప్పకుండా దేవుడి గదిలో కూర్చున్నాను. కాసేపటికి అత్తగారే వచ్చి మొహం చూసి పట్టేశారు. ఆవిడ చేయగలిగింది ఆవిడ చేసింది. జుక్కల్ వైపు నుంచి ఒకాయన్ని పిలిపించి, గాలి సోకిందని నిమ్మకాయ దిగదుడిపించి, నా మొలకు తాడు కట్టించింది. నాకు తాడు మీద కోపం లేదు. అది కట్టించుకునే హైదరాబాద్ కారెక్కాను.

హైదరాబాద్ డాక్టర్ నెరిసిన జుట్టు మనిషి. కొబ్బరిచిప్ప ఇస్తే మొహం చిట్లించలేదు. "ఎవరిదమ్మా?" అన్నారు. "మా అక్కది" అన్నాను. రెండు చేతులతో తీసుకుని కిటికీ వెలుతురు దగ్గరకు వెళ్లి, భూతద్దంతో చాలాసేపు చూశారు.

"ఇది ఒక్క దెబ్బకు విరిగింది కాదు. ఇలా చూడండి" అని నాకూ చూపించారు. విరిగిన చోట మసి కింద సన్నటి వంపు గీతలు. చెరువులో నీళ్లు తగ్గుతూ పోతుంటే గట్టున వరసగా గీతలు పడతాయే, అలా. "కొంచెం కొంచెంగా, ఎన్నో నెలలు విరుగుతూ వచ్చింది. చివరికి మిగిలిన కాస్తా ఒక్కసారి పోయింది. ఆవిడ పడటం వల్ల ఇది విరగలేదు. ఇది విరగడం వల్ల ఆవిడ పడి ఉండాలి."

నేను గంగారాం ప్రశ్న అడిగాను. ఆయన "ఫోన్ కలపండి" అన్నారు.

"పెద్దాయనా, నేను డాక్టర్‌ని మాట్లాడుతున్నా. మీ వెదురుకర్రతో ఇది విరగదు. గునపంతో కొట్టినా విరగదు. చితి మంటకు రంగు మారుతుంది తప్ప ఇలాంటి గీతలు పడవు. మీరేం చేయలేదు. అర్థమైందా?"

అటునుంచి గంగారాం ఏడుపు గొంతుతో, "గట్లనా సారూ… ఇగ గీ మాటనే మా తమ్మునికి ఒక్కసారి జెప్పుండ్రి. ఈడనే ఉన్నడు" అన్నాడు. డాక్టర్ మళ్లీ మొదటి నుంచి చెప్పారు.

తర్వాత నా పాత కాగితాలు చదివి, భూమవ్వ ఆపరేషన్ల సంగతీ అడిగారు. "మీ ఇద్దరికీ రెండో ఆపరేషన్లో స్టెమ్ అలాగే ఉంచారు. బంతి తీయాలంటే దాని మెడ చుట్టూ గట్టిపడ్డ కండను కోసి తీయాలి. అది కాటరీతో చేస్తుంటే కొస లోహానికి దగ్గరగా వెళ్లినప్పుడు నిప్పురవ్వ దూకుతుంది. టైటానియం మీద ఆవగింజంత చోటు కరిగి, వెంటనే గడ్డకట్టి, పెళుసు అవుతుంది. కంటికి కనబడని పగులు అక్కడ పుడుతుంది. ప్రతి అడుగుకీ అది కొంచెం పెరగొచ్చు. అందరికీ ఇలా అవదు, చాలా అరుదు. ఆవిడకు అదే జరిగిందని నేను ప్రమాణం చేయలేను. అలా కరిగిన మచ్చ ఉన్నా అది చితి మంటలో పోయింది."

"మరి నా దాంట్లో?"

"ఎక్స్‌రే, సీటీ రెండూ తీశాం. ఏమీ కనబడలేదు. అంటే లేదని కాదు, ఉందని కూడా కాదు. స్టెమ్ మార్చాలంటే ఎముకను నిలువునా తెరవాలి. ఏమీ కనబడకుండా అంత పని చేయలేను. వాకర్ పట్టుకుని నడవండి. ఇంట్లో నాలుగడుగులైనా సరే. నెలనెలా ఎక్స్‌రే తీద్దాం."

"లోపల టిక్ మంటోంది డాక్టర్ గారూ."

ఆయన తల అడ్డంగా ఊపారు. "పగులు చప్పుడు చేయదమ్మా."

ఇంటికొచ్చాను. వానలు పడ్డాయి. కాలువకు నీళ్లు వదిలారు. మెట్ల మీద నిజంగానే పాచి వచ్చింది. నెలనెలా ఎక్స్‌రేలు, నెలనెలా "నార్మల్" అన్న మాట. మధ్యాహ్నం ఫ్యాను ఆగినప్పుడల్లా టిక్. నాకు తప్ప ఎవరికీ వినపడదు. మావారు నా తుంటికి చెవి ఆనించి కూడా విన్నారు. "ఏం లేదే" అన్నారు. ఆయన చెవి అక్కడ ఉండగానే నాకు వినిపించింది. చెప్పలేదు.

ఎక్స్‌రేలన్నీ బాగున్నాక వాకర్ ఎందుకని ఇంట్లో మెల్లగా మొదలైంది. అత్తగారు దాన్ని మేక అనేవారు. "నీ నాలుగుకాళ్ల మేకను వంటింట్లోకి తోలకు, పోపు తింటుంది." మావారు కూడా, "పెళ్లికి వెళ్తున్నాం, అక్కడైనా వదిలెయ్యకూడదూ?" అన్నారు. ఒక్క గంగారాం మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా బాగోగులకు ముందే అదే అడిగేవాడు. "పట్టుకునే నడుస్తున్నవా చెల్లె? ఇడిసిపెట్టకు. మీ అక్క మీద ఒట్టు."

కార్తీకం వచ్చింది. ఏటా ఆ నెలంతా పొద్దున్నే తులసి కోట చుట్టూ ప్రదక్షిణలు చేస్తాను. వాకర్ పట్టుకుని ఎలాగో తిరిగేదాన్ని. అది చూసి అత్తగారికి మనసొప్పలేదు. "రెండు చేతులూ జోడించకుండా ఆ తిరగడం ఏమిటే? అమ్మవారికి దండం పెడుతున్నావా, మేకను కాస్తున్నావా?" అన్నారు. ఆ మాట నాకూ గుచ్చుకుంది. చిన్నప్పటి నుంచి చేతులు జోడించని మొక్కు నేను ఎరగను. ఎక్స్‌రేలు బాగానే ఉన్నాయి. ఒక్క ప్రదక్షిణ. నాలుగడుగులు. తల్లి చూసుకోదా అనుకున్నాను.

కోట ముందు నిలబడి ఎడమచెయ్యి వాకర్ మీది నుంచి తీశాను. కుడిచెయ్యి తీయబోతుంటే గేటు అవతల కానుగ చెట్టు కనిపించింది. ఆకులు ఆడటం లేదు. ఆ ఖాళీ కొమ్మ ఒక్కటే సన్నగా ఊగుతోంది. పిట్ట లేచిపోయి ఉంటుంది. నేను పిట్టను చూడలేదు. గేటు దిమ్మె మీద బంతి ముక్క పెట్టిన గంగారాం చెయ్యి గుర్తొచ్చింది. తీసిన చెయ్యి మళ్లీ వాకర్ మీద వేశాను. తల మాత్రం వంచి, "ఈసారికి ఇంతే తల్లీ, నా చేతులు నువ్వే జోడించుకో" అనుకుని అడుగు వేశాను.

టక్.

టిక్ కాదు. ఎండుపుల్ల విరిగినట్టు. ఇది అందరికీ వినిపించింది. కుడికాలు నా కింద నుంచి ఎటో వెళ్లిపోయింది. నొప్పి రావడానికి ముందు ఒక్క క్షణం, నా కాలు నాది కానట్టు, ఎవరిదో పక్కన నిలబడ్డట్టు ఉంది. రెండు చేతులూ వాకర్ మీద ఉండబట్టి దానికే వేలాడాను. తులసి కోట సిమెంటు అంచు నా కణతకు జానెడు దూరంలో ఉంది. అత్తగారు ఆ వయసులో ఎలా లేచారో, ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి నా వెనక తోసి, "కూర్చో, కూర్చోవే తల్లీ, మేకను వదలకు" అని అరిచారు.

నిజామాబాద్‌లో తీసిన ఎక్స్‌రేను ఈసారి ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. బంతి ఒకచోట, రాడ్డు ఒకచోట. ఆ చిన్న డాక్టర్ చాలాసేపు చూసి, "అమ్మా, మీరు ఆ రోజు తెచ్చింది… నేను చూసి ఉండాల్సింది" అన్నాడు. ఇప్పుడు ఒప్పుకున్నారు కదా బాబూ, అదే చాలు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

హైదరాబాద్ డాక్టర్ అదే రోజు చేర్చుకున్నారు. "ఇప్పుడు కారణం ఉంది" అన్నారు. రాడ్డు ఎముకలో బిగిసి ఉంది కాబట్టి తొడ ఎముకను కిటికీ తలుపులా తెరిచి తీసి, పొడుగాటిది పెట్టి, తీగలతో కట్టాలి. థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు నేను సిగ్గుపడుతూనే అడిగాను, ఆ కాల్చేది కొత్తదానికి తగలనివ్వకండి అని. ఆయన నవ్వలేదు. "పైన రక్తం ఆపడానికి వాడతాను, అది లేకపోతే మీకే ప్రమాదం. లోహం కనబడ్డాక దాన్ని పక్కన పెట్టించి కత్తితో చేస్తాను. మా వాళ్లందరికీ మీ ముందే చెబుతున్నా" అని అక్కడున్నవాళ్లకు చెప్పారు.

ఆ తర్వాతి రోజులు సులువుగా గడవలేదు. కుట్ల దగ్గర నీరు కారింది. జ్వరం వచ్చింది. మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి కడిగారు. పాదం కొన్నాళ్లు పైకి లేవలేదు, అది నా మాట వింటుందా అని పొద్దున్నే లేచి దాన్నే చూసేదాన్ని. కాలు నేల మోపడానికి చాలాకాలం పట్టింది. ఆ రోజుల్లో ఒకసారి డాక్టర్ నా పాత ముక్కను చిన్న డబ్బాలో తెచ్చి చూపించారు. ఇది మంటలో పడలేదు కాబట్టి మచ్చ చెక్కుచెదరకుండా ఉంది. మెరిసే బూడిదరంగు మెడ మీద చిన్న చుక్క. చుట్టూ నీటి మీద కిరోసిన్ పడ్డట్టు రంగులు, నడుమ కరిగి గడ్డకట్టిన పూస. విరుపు సరిగ్గా అక్కడే మొదలైంది. మా పొలంలో కంచె తీగ తెంచాలంటే మావారు ఒకచోట గాటు పెట్టి అటూఇటూ వంచుతుంటారు. నేను నా తీగను అడుగు అడుగుకీ వంచాను.

"మరి ఆ టిక్ ఏమిటి డాక్టర్ గారూ?" అని మళ్లీ అడిగాను.

"బంతి గిన్నెలో కదిలి ఉండొచ్చు. నరం గెంతి ఉండొచ్చు. నాకు తెలియదమ్మా" అన్నారు. తెలియదని చెప్పిన ఆ డాక్టర్‌కు దణ్ణం పెట్టాను. ఆపరేషన్ తర్వాత అది మళ్లీ వినిపించలేదు. కరెంటు పోయినప్పుడు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి వింటాను.

నా రెండో ఆపరేషన్ చేసినవారి మీద నాకు కోపం లేదు. అన్నేళ్లు నేను నడిచింది కూడా వాళ్ల చేతి చలవే. ఆ రోజు ఆ కాల్చే పనిముట్టు లేకపోతే నా రక్తం ఆగేది కాదు.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. ప్రదక్షిణ చేసేటప్పుడు ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి గుండె మీద. అత్తగారు ఏమీ అనరు. వాకర్‌ను దేవుడి గది పక్కనే పెట్టించి, శుక్రవారం దానికీ పసుపు బొట్టు పెడుతున్నారు.

ఒంట్లో లోహం ఉన్నవారికి ఒక్క మాట చెప్పాలి. రాడ్డు, ప్లేటు, స్క్రూ, ఏదైనా సరే, దాని దగ్గర మళ్లీ ఏ ఆపరేషన్ జరిగినా, "నా లోపలి లోహాన్ని అలాగే ఉంచుతున్నారా? ఉంచితే కాటరీ దానికి తగలకుండా చూస్తారా?" అని ముందే అడగండి. అడిగితే మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు. ఆపరేషన్ కాగితాలు దాచుకోండి. కొత్తగా నొప్పిగానీ తేడాగానీ తెలిస్తే ఒక ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా మళ్లీ చూపించుకోండి. ఈలోగా చేతికి ఆసరా వదలకండి.

నడవగలిగాక నేను మొదట వెళ్లింది కందకుర్తికి. గంగారాం, నేను, మావారు. కొబ్బరిచిప్పలో ఉన్న బంతి ముక్కను గంగారాం నడుంలోతు నీళ్లలోకి వెళ్లి వదిలాడు. వదులుతూ, "ఇగో, నీ సగం తెచ్చిన. చెల్లె పని అయిపోయింది. ఇగ సక్కగ నడువు, నాకోసం ఆగకు" అన్నాడు. నీళ్లు కదలకుండా ఉన్నాయి. గట్టు మీద నిలబడ్డ నాకు వినిపించిందా, అనిపించిందా చెప్పలేను. నీళ్ల అడుగున ఎక్కడో, ఎవరో చిటికె వేసినట్టు. గంగారాం వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను.

ఇది చదివినవారు నన్ను గుర్తుంచుకోనక్కర్లేదు. రేపు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు, మీకు తెలియని నస్రుల్లాబాద్ భూమవ్వను ఒక్కసారి తలుచుకోండి. ఎండిన మెట్ల మీద ఆమె జారలేదు.